విశాఖలో చేతిపనుల ప్రదర్శన ఎలా పెట్టాలి: బొమ్మ పక్కన కర్ర, బట్ట పక్కన ఆకు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీదుగా వెళ్ళాక మా వీధిలో నిలబడి ఉన్న చెట్టు దాదాపు లేదు. గోడల మీద మాత్రం ఆకులు మిగిలాయి. గాలికి కొట్టుకొచ్చి తడి గోడలకు అతుక్కుపోయాయి. ఎండి రాలాక ఈనెలతో సహా మరకలు కనిపించాయి. ఆ మరకలు చూశాకే నేను బట్ట మీద ఆకుల అచ్చులు వేయడం మొదలుపెట్టాను. ఆ తరవాత చెక్క, వెదురు, మట్టి, తాటాకు పట్టుకుని పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే పరిచయమయ్యారు. ఇప్పుడు ఏడాదికోసారి అందరం కలిసి రెండు రోజుల ప్రదర్శన పెడుతున్నాం. మీ పేటలోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో ఇలాంటిది పెట్టాలని మీకూ ఉంటే, చేస్తూ చేస్తూ మేం నేర్చుకున్నది వరసగా చెబుతాను.

ముందు మనుషుల్ని వెతకండి

హాలు, బ్యానరు, పేరు ఇవన్నీ తరవాత. ముందు ఎవరెవరు వస్తారో తేల్చుకోండి. మొదటిసారికి పది పన్నెండు మంది చాలు. ఒకే రకం పని చేసేవాళ్ళను ఇద్దరికి మించి పిలవకండి. అయిదుగురు చెవిపోగులు పెట్టుకుని కూర్చుంటే అయిదుగురికీ బేరం ఉండదు.

ఎవర్ని పిలవాలి? మన చుట్టుపక్కలే ఉన్నారు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్ళు, చాటలు, బుట్టలు అల్లే మేదరులు, వేసవిలో కుండలు, దీపావళికి ప్రమిదలు చేసే కుమ్మరులు, ఏజెన్సీ కొండల్లో అడ్డాకుల విస్తళ్ళు కుట్టే ఆడవాళ్ళు, ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు, ఇంట్లో కూర్చుని కొబ్బరి చిప్పలతో గిన్నెలు, గరిటెలు చేసే గృహిణులు. కులవృత్తిగా చేసేవాళ్ళనూ, ఇష్టంతో నేర్చుకున్నవాళ్ళనూ ఒకే వరసలో కూర్చోబెట్టండి. మేదరి మామ్మను ఓ మూలకు నెట్టి ఫైన్ ఆర్ట్స్ అబ్బాయిని గుమ్మం ఎదురుగా పెడితే ఆవిడ పనిని మనమే తక్కువ చేసినట్టు. మేం చీటీలు తీసి బల్లలు పంచుతాం.

పిలవడానికి ఫోన్ చేసి ఊరుకోకండి, ఇంటికి వెళ్ళండి. ఫోన్లో "అలాగేనండి, వస్తాం" అన్నవాళ్ళలో సగం మంది రారు. అది వాళ్ళ తప్పు కాదు. రెండు రోజుల పని మానుకుని సొంత ఖర్చుతో సరుకు మోసుకురావాలి, అమ్ముడుపోతుందో లేదో తెలియదు. ఆ స్థితిలో మీరైనా, నేనైనా వెనకాడతాం. అందుకే దారి ఖర్చు ముందే చేతిలో పెట్టండి. భోజనం, రాత్రి పడుకోవడానికి చోటు మీవే అని చెప్పండి. ఒక మేదరి మామ్మ నన్ను చూసి, "చాటలైతే బజార్లో అమ్ముకుంటాం గానీ, ఎగ్జిబిషనంటే మాకేటి తెలుస్తాదమ్మా" అంది. "మీరు రోజూ అల్లినట్టే అల్లుతూ కూర్చోండి మామ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాను. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మంది మూగింది ఆవిడ చాప చుట్టూనే.

వెళ్ళినప్పుడు ఇంకో మాట కూడా అడగండి. చేతివృత్తుల గుర్తింపు కార్డు ఉందా? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుమ్మరులు, బుట్టలు, చాపలు అల్లేవాళ్ళు, సంప్రదాయ బొమ్మలు చేసేవాళ్ళు అందులో ఉన్నారు. అందులో చేరితే గుర్తింపు కార్డుతోపాటు పనిముట్లకు 15,000 రూపాయల సాయం, మొదటి విడతగా లక్ష రూపాయల దాకా రుణం ఇస్తారు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయాలి, చదువుకున్న పిల్ల ఒకతె తోడు వెళితే చాలు. ప్రదర్శన వల్ల ఎంత అమ్ముడుపోయినా, ఆ కార్డు వాళ్ళకు ఇంకా ఎక్కువ రోజులు పనికొస్తుంది.

తేదీ

అక్టోబరు, నవంబరు వద్దు. బంగాళాఖాతంలో ఎప్పుడు ఏ వాయుగుండం లేస్తుందో తెలియదు, ఆ టెన్షన్‌తో ఏ పనీ సాగదు. డిసెంబరు రెండో పక్షం బాగుంటుంది. సంక్రాంతి వారంలో ఊరు సగం ఖాళీ, పనివాళ్ళూ ఇళ్ళకు పోతారు. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి మధ్య దాకా మళ్ళీ మంచి రోజులే. ఆ తరవాత పరీక్షలొస్తాయి, పిల్లలున్న ఇళ్ళవాళ్ళు గడప దాటరు. శని, ఆదివారాలు ప్రదర్శన, శుక్రవారం సర్దుకోవడం అని లెక్కేసుకోండి.

చోటు, గాలి, ఎండ

విశాఖలో ప్రదర్శన అనగానే అందరికీ బీచ్ రోడ్డే గుర్తొస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది గానీ చేతిపనులకు సముద్రపుటొడ్డు కష్టమైన చోటు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. తేలిక బుట్టలు దొర్లిపోతాయి, వేలాడదీసిన బట్టలు తెరచాపల్లా లాగేస్తాయి. ఉప్పు తేమకు కాగితం మీద వేసిన బొమ్మలు అలలు తేలతాయి. సముద్రం మనకు తూర్పున ఉంది కాబట్టి పొద్దుటి ఎండ తిన్నగా బల్లల మీద పడుతుంది. పసుపుతో వేసిన రంగు ఎండకు నిలవదు. మొదటి ఏడాది నా దుపట్టా ఒకటి శనివారం పొద్దున బంగారంలా ఉండి, ఆదివారం సాయంత్రానికి మడత మీద పాలిపోయింది. మడత లోపల మాత్రం అదే పసుపు. కొనడానికి వచ్చినావిడ విప్పి చూసి నా మొహం చూసింది. ఆ రోజు నుంచి సహజ రంగుల బట్టలన్నీ నీడలోనే.

అందుకని సముద్రానికి రెండు వీధులు లోపల, వెడల్పాటి వరండా గానీ, చెట్ల నీడున్న ఆవరణ గానీ చూడండి. బడి ఆవరణలు సెలవు రోజుల్లో ఖాళీగా ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లారు కూడా పనికొస్తుంది, కాకపోతే వెలుతురు చాలదు. మధురవాడ దగ్గరి శిల్పారామంలాంటి చోట్ల చేతివృత్తులకనే స్టాళ్ళుంటాయి, అక్కడా అడిగి చూడవచ్చు. పార్కులోనో, ఒడ్డునో పెట్టాలంటే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అనుమతి, మైకు పెడితే పోలీసు అనుమతి తీసుకోవాలి. నెల ముందే కాగితం ఇవ్వండి.

ఒడ్డునే పెట్టాలని పట్టుదలగా ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డున దీపాల వెలుగు చూస్తే తల్లి తాబేలు వెనక్కి మళ్ళవచ్చు, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం అనుకుని వెలుగు వైపు నడుస్తాయి. ప్రకృతి పేరు చెప్పి పెట్టే ప్రదర్శన ఆ పని చేయకూడదు. చీకటి పడేలోపు దీపాలు లేకుండా ముగించేయండి.

హాలు మాట్లాడుకుంటే రసీదు తీసుకోండి. ఒక ఏడాది రెండు రోజుల ముందు ఒక హాలు వాళ్ళు మా తేదీని రిసెప్షన్‌కి ఇచ్చేశారు. మా దగ్గర నోటి మాట తప్ప కాగితం లేదు. ఒక మిత్రురాలి ఇంటి మేడ మీద షామియానా వేసి గట్టెక్కాం.

వస్తువు పక్కన దాని ముడిసరుకు

మొత్తం ప్రదర్శనలో మీరు ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది ఇక్కడే. మిగతావి అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

మేం మొదటిసారి అందరిలాగే వస్తువులు అందంగా పేర్చి, ధరల చీటీలు అంటించాం. వచ్చినవాళ్ళు చూశారు, బాగుందన్నారు, "ఆన్‌లైన్‌లో ఇంతకంటే తక్కువకే వస్తోంది కదా" అన్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళకు కనిపించింది వస్తువే. ఒక చెట్టు వస్తువుగా మారడానికి మధ్య ఏం జరిగిందో కనిపించలేదు. రెండో ఏడు ప్రతి బల్ల మీద వస్తువుకు ఎడమ పక్కన దాని పచ్చి సరుకు, మధ్యలో సగం చేసింది, కుడి పక్కన పూర్తయింది పెట్టాం. జనం బల్ల దగ్గర నిలబడే తీరే మారిపోయింది.

ఏటికొప్పాక బొమ్మనే తీసుకోండి. విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వస్తుంది. ఆ బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది. సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ బోర్డు మీద రాయండి, మంచిదే. కానీ చూసేవాడిని ఆపేది అంకుడు కర్ర ముక్క. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, చేతిలో పెడితే "ఇదా!" అంటారు. దాని పక్కన లక్క కడ్డీ. తిరుగుతున్న చెక్కకు ఆ కడ్డీని ఒత్తి పట్టుకుంటే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, కుంచె అవసరం లేదు. ఆ పక్కన మొగలి ఆకు. నిగనిగ అంతా దానితో రుద్దితేనే వస్తుంది. చివర చిన్న గిన్నెల్లో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు. జాఫ్రా గింజను పిల్లల వేళ్ళతో నలపనివ్వండి. వేలికి అంటిన ఎరుపు చూపించుకుంటూ అమ్మ దగ్గరికి పరిగెడతారు. ఆ అమ్మ వచ్చి ధర అడుగుతుంది.

చెక్కను తిప్పుతూ చెక్కే చిన్న చేతి తరిణి ఎవరైనా తెస్తే ఇంకా మంచిది. మోటారు తరిణి అయితే కరెంటు సంగతి ముందే చూసుకోండి, కింద టార్పాలిన్ పరచండి, పొట్టు అన్ని బల్లల మీదికీ ఎగురుతుంది.

నా బల్ల మీద నేనిలా పెడతాను. ఉడికించి జిగురు వదిలించిన తెల్ల బట్ట. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన బట్ట, కొంచెం లేత పసుపుగా ఉంటుంది. పటిక గడ్డ. తుప్పుపట్టిన మేకులు వేసిన నీళ్ళ సీసా. లేత టేకాకు, జామాకు, నీలగిరి ఆకు. ఆకులు పరిచి, కర్రకు గట్టిగా చుట్టి, దారంతో బిగించిన చుట్ట ఒకటి. దాన్ని రెండు గంటలు ఆవిరి పట్టి రాత్రంతా వదిలేయాలి. ఇలాంటి చుట్ట ఒకటి ముందురోజే ఆవిరి పట్టి తెచ్చుకుని, సాయంత్రం అయిదింటికి అందరి ముందూ విప్పుతాను. అచ్చు ఎలా వచ్చిందో నాకూ తెలియదు. లేత టేకాకు ఊదా ఎరుపు దిగిందో లేదో, ఇనుప నీళ్ళు తగిలిన జామాకు ఎంత నల్లబడిందో అందరితోపాటే నేనూ చూస్తాను. అయిదింటికి ఉంటుందని పొద్దుటి నుంచీ చెబుతూ ఉంటే ఆ వేళకు జనం చేరతారు. మీ ప్రదర్శనలో కూడా వేళ చెప్పి చేసే పని ఒకటైనా ఉంచండి.

వెదురు దగ్గర పచ్చి బొంగు, చీల్చిన బద్దలు, చాకు. చీల్చడం చూశాకే చాట ధర అర్థమవుతుంది. మట్టి దగ్గర తడి ముద్ద ఒకటి, కాల్చని కుండ ఒకటి, కాల్చింది ఒకటి. రెండు కుండల మీదా వేలితో కొట్టి శబ్దం వినమనండి.

పచ్చి సరుకు పెట్టాలన్న ఉత్సాహంలో ఏది పడితే అది ఏరుకు రాకండి. ఎర్రమట్టి దిబ్బల నుంచి రంగు కోసం మట్టి తవ్వి తెస్తామని ఒకరిద్దరు అడిగారు, వద్దని ఖచ్చితంగా చెప్పాం. అవి దేశం కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలం. కంబాలకొండ అభయారణ్యంలో కొమ్మ విరవకూడదు. ఒడ్డున దొరికినా సరే పగడపు కొమ్మలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు అమ్మకానికి పెట్టకూడదు. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. గవ్వల్లోనూ కొన్ని రకాలు ఆ జాబితాలో ఉన్నాయి కాబట్టి గవ్వల నగలు తెచ్చేవాళ్ళను ఏ గవ్వో అడిగి తెలుసుకోండి. 18వ శతాబ్దంలో ఈ ఊరి పేరు దేశాలు దాటింది ఏనుగు దంతం పొదిగిన పెట్టెలతో, కుర్చీలతో. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ వాటిని చూడవచ్చు. ఆ నగిషీ చెక్కిన చేతుల నైపుణ్యానికి నేను దండం పెడతాను. కానీ దాని వెనక చచ్చిన ఏనుగులున్నాయి. ఈ రోజు మన బల్ల మీద పెట్టే ప్రతిదానికీ "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్నకు తలెత్తుకుని చెప్పగలిగే జవాబు ఉండాలి. రాలిన ఆకు, నరికిన చోట మళ్ళీ మొలిచే వెదురు, కొబ్బరి తీశాక పారేసే చిప్ప, ఇలాంటివి.

బల్ల సర్దుకోవడం

థర్మోకోల్ అలంకరణ వద్దు, 2022 జులై 1 నుంచి అది దేశమంతటా నిషేధం. ఫ్లెక్సీ బ్యానరు బదులు పాత దుప్పటి మీద రంగుతో పేరు రాయించండి. మాది నాలుగేళ్ళుగా అదే దుప్పటి, తేదీ ఉన్న గుడ్డముక్క మాత్రం మార్చి కుడతాం. అన్నీ బల్ల ఎత్తులోనే కాకుండా పీటలు, బోర్లించిన తట్టలు వాడి ఎత్తుపల్లాలు చేయండి. కింద పరిచే గుడ్డ ఒకే రంగుది, పువ్వులు లేనిది. "ముట్టుకోరాదు" అన్న చీటీ ఎక్కడా పెట్టకండి. పగిలేవి వెనక వరసలో పెట్టుకుంటే సరిపోతుంది.

ధర

చేసేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంట్లో చేసే ఆడవాళ్ళయితే కూలి అసలు వేసుకోరు. "ఖాళీ టైంలో చేశానండి, సరుకు ఖర్చు వస్తే చాలు" అంటారు. ఒప్పుకోకండి. వాళ్ళు అలా అమ్మితే, అదే పని మీద బతికే పక్క బల్లావిడ నోటి దగ్గర కూడు పోతుంది. కాగితం మీద ఇలా వేయించండి. సరుకు ఎంత, ఎన్ని గంటలు పట్టింది, ఆ గంటలకు మన ఊళ్ళో మంచి పనివాడి రోజు కూలి ప్రకారం ఎంత, పాడైపోయిన వాటికి ఎంత, దారి ఖర్చులో భాగం ఎంత. అన్నీ కూడి దాని మీద కొంచెం లాభం. చీటీ మీద ధరతోపాటు "9 గంటల పని" అని కూడా రాయండి. మేం ఇలా రాయడం మొదలుపెట్టాక బేరాలు బాగా తగ్గాయి. గంటలు చదివాక సగానికి అడగడానికి చాలామందికి నోరు రాదు. అయినా అడిగితే, చేసినావిడకు ఇష్టమైతే తగ్గించుకోనివ్వండి. నిర్వాహకులు మధ్యలో దూరి "ఇచ్చెయ్యమ్మా" అనకూడదు. నేను ఒకసారి అన్నాను. ఆవిడ నా మొహం చూసి ఇచ్చేసింది, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆవిడదే న్యాయం.

చిన్నవి కూడా ఉండేలా చూడండి. 50, 100 రూపాయల్లో బొంగరాలు, పుస్తకంలో పెట్టుకునే అచ్చు ముక్కలు, ప్రమిదలు ఉంటే కాలేజీ పిల్లలు ఖాళీ చేతుల్తో వెళ్ళరు.

జనం రావాలంటే

వాట్సాప్ గ్రూపులు ఎలాగూ ఉన్నాయి. ఎవరు ఏం తెస్తున్నారో చెప్పే చిన్న వీడియో, అదీ చేతులు పనిచేస్తున్నప్పుడు తీసింది పంపండి. దాంతో పాటు మేం చేసే పని ఒకటుంది. రాలిన ఎర్ర బాదం ఆకులు ఏరి, పాత పేపర్ల మధ్య నాలుగు రోజులు బరువు పెట్టి నొక్కి, వాటి మీద తెల్ల రంగుతో తేదీ, చోటు రాసి, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడకకు వచ్చేవాళ్ళకు ఇస్తాం. కరపత్రమైతే పది అడుగులకే పారేస్తారు. ఆకును ఇంటికి తీసుకెళతారు. బరువు పెట్టకుండా ఎండబెడితే మాత్రం చుట్టుకుపోతాయి.

ఆ రెండు రోజులు

పొద్దున పదింటికి తెరవండి, అసలు జనం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య వస్తారు. మధ్యాహ్నం చేసేవాళ్ళు ఒకరి బల్ల దగ్గరికి ఒకరు వెళ్ళేలా తీరిక ఇవ్వండి. కొబ్బరి చిప్పల అమ్మాయికి లక్క పూత ఆలోచన వచ్చింది అలాంటి ఒక మధ్యాహ్నమే. మజ్జిగ, మంచినీళ్ళు కుండల్లో పెట్టండి, స్టీలు గ్లాసులు కడగడానికి ఒక మనిషిని పెట్టుకోండి. పెద్దవాళ్ళకు బాత్రూం దగ్గరలో ఉందో లేదో చూడండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, లేకపోతే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంటారు.

కొన్నవి చుట్టడానికి న్యూస్‌పేపరు వద్దు, సిరా లేత రంగు బట్టకు అంటుతుంది. ఖాకీ కాగితం వాడండి. చిన్న వస్తువులైతే అడ్డాకులో పెట్టి నారతో కట్టి ఇవ్వండి.

డబ్బు ఎవరిది వాళ్ళకే వెళ్ళేలా ఎవరి క్యూఆర్ కోడ్ వాళ్ళ బల్ల మీద పెట్టండి. స్మార్ట్‌ఫోన్ లేని వాళ్ళకు మాత్రం ఒక నమ్మకమైన మనిషి తన ఖాతాలో తీసుకుని పుస్తకంలో రాయాలి. ఆ లెక్క రాత్రి ఇంటికి వెళ్ళేలోపు నగదుగా చేతికివ్వాలి. "రేపు పంపిస్తాం" అనవద్దు. ఏజెన్సీ నుంచి వచ్చినావిడ తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళిపోతుంది, ఆవిడ రేపటికి మీ ఊళ్ళో ఉండదు. హాలు ఖర్చు కోసం అందరి దగ్గరా సమానంగా వసూలు చేయకుండా, అమ్మకంలో పదో వంతు అనుకుంటే తక్కువ అమ్మినవాళ్ళకు భారం కాదు.

ఆదివారం రాత్రి సర్దేటప్పుడు మిగిలిన సరుకు మీరే ఎత్తించి ఆటో దాకా తీసుకెళ్ళండి. ఎవరి దగ్గర ఏం మిగిలిపోయిందో, ఎవరికి ఏ ఆర్డరు వచ్చిందో, కొనేవాళ్ళు ఏ రంగు అడిగారో ఒక నోటుబుక్కులో అప్పుడే రాయండి, మర్నాటికి సగం మరిచిపోతారు. పచ్చి సరుకు పారేయకండి. అంకుడు ముక్క, లక్క కడ్డీ, జాఫ్రా గింజలు, బొంగు బద్దలు అన్నీ ఒక డబ్బాలో సర్ది దగ్గర్లో ఉన్న బడి టీచరుకి ఇస్తాం మేము. పోయిన ఏడు ఆ డబ్బా తీసుకున్న టీచరమ్మ ఈసారి పిల్లల్ని రెండు ఆటోల్లో వేసుకొచ్చింది.